గల్వాన్ నిందను మంథనికి అంటగట్టకండి

కొన్నాళ్లుగా మన పెద్దపల్లి జిల్లాలో ఒక మాట బలంగా తిరుగుతోంది. సభల్లో వింటున్నాం, టీ కొట్ల దగ్గర వింటున్నాం, ఫోన్లకు వచ్చే వీడియోల్లో చూస్తున్నాం. ఆ మాట సారాంశం ఇది: 1993లో ప్రధానిగా ఉన్న పీవీ నరసింహారావు భయపడి బీజింగ్ వెళ్లి చైనాతో ఒప్పందం చేసుకున్నారు, ఆ ఒక్క సంతకంతో మన జవాన్ల చేతులు కట్టేశారు, లద్దాఖ్ నేలను చైనాకు రాసిచ్చారు, 2020 జూన్ 15 రాత్రి సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు గల్వాన్ లోయలో ఉత్త చేతులతో ప్రాణాలు వదలడానికి మూలం అక్కడే ఉంది.

ఒక తెలంగాణ బిడ్డ వీరమరణాన్ని ఇంకో తెలంగాణ బిడ్డ మెడకు నేరంగా చుట్టడం ఇది. చదువుకున్నవాళ్లు కూడా తల ఊపుతున్నారు కాబట్టి ఊరుకోవడం కుదరదు. ఈ వాదనలో మూడు ముక్కలున్నాయి. మూడూ తప్పే. అంతకంటే పెద్ద తప్పు వాటి అడుగున ఉన్న నమ్మకంలో ఉంది. పోటీ పడే పొరుగువాడితో ఏ ఒప్పందం చేసుకున్నా అది లొంగుబాటే అన్నది ఆ నమ్మకం.

పీవీ మనకు పుస్తకాల్లో పేరు మాత్రమే కాదు. 1957, 1962, 1967, 1972 ఎన్నికల్లో వరుసగా నాలుగుసార్లు ఆయన్ను అసెంబ్లీకి పంపింది మంథని. అప్పుడది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు మన పెద్దపల్లి జిల్లా. ఇరవై ఏళ్లు ఆయనకు ఓటేసిన ఊళ్ల మధ్యనే ఈ మాట నడుస్తోంది. ఆయన రాజకీయాల మీద కోపం ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. నేను ఆయన మొత్తం జీవితానికి వకాల్తా పుచ్చుకోవడం లేదు. చైనా ఒప్పందం విషయంలో మాత్రం ఆయన మీద పడుతున్న నింద అన్యాయమైనది.

ముందు కాగితం చూద్దాం. 1993 సెప్టెంబర్ 7న బీజింగ్‌లో కుదిరిన ఒప్పందం అది. పీవీ, చైనా ప్రధాని లీ పెంగ్ సమక్షంలో మన తరఫున విదేశాంగ సహాయ మంత్రి ఆర్.ఎల్. భాటియా, వాళ్ల తరఫున ఉప విదేశాంగ మంత్రి థాంగ్ జియాషువాన్ సంతకాలు పెట్టారు. రెండు దేశాల ఆధీనంలోని నేలను వేరుచేసే వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి, ప్రశాంతత కాపాడటం దాని ఉద్దేశం. తొమ్మిదే అధికరణలు, టీ చల్లారేలోపు చదివేయొచ్చు. మొదటి అధికరణ ఏమంటుందంటే, సరిహద్దు తగాదాను చర్చలతో తేల్చుకోవాలి, బలప్రయోగం చేయకూడదు, చేస్తామని బెదిరించకూడదు, ఆఖరి పరిష్కారం వచ్చేదాకా ఇద్దరూ వాస్తవాధీన రేఖను గౌరవించాలి. ఒకరి మనుషులు రేఖ దాటితే, అవతలివాళ్లు హెచ్చరించగానే వెనక్కి పోవాలి. రేఖ ఎక్కడుందో భేదాభిప్రాయం వచ్చిన చోట ఇద్దరూ కలిసి పరిశీలించి తేల్చుకోవాలి. రెండో అధికరణ రేఖ వెంబడి సైన్యాన్ని తగ్గించుకోమంటుంది. మూడోది విన్యాసాల గురించి, ఐదోది గగనతల ఉల్లంఘనల గురించి. జవాను తుపాకీ పేల్చకూడదన్న షరతు ఈ తొమ్మిదింటిలో ఎక్కడా కనిపించదు.

ఆ షరతు 1996 నవంబర్ 29 నాటిది. ఆ రోజు ఢిల్లీలో రెండు దేశాలూ ఇంకో ఒప్పందం చేసుకున్నాయి. దాని ఆరో అధికరణ ప్రకారం రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదు, పేలుళ్లు చేయకూడదు. అప్పుడు ప్రధాని హెచ్.డి. దేవెగౌడ, విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్. పీవీ ప్రధాని పదవి దిగిపోయి అప్పటికి ఆరు నెలలు దాటింది. గల్వాన్ ఘటన జరిగిన మూడో రోజు, అంటే 2020 జూన్ 18న, విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ ఈ విషయంలో బహిరంగంగా వివరణ ఇచ్చారు. సరిహద్దు విధుల్లో ఉన్న జవాన్లందరి దగ్గరా ఎప్పుడూ ఆయుధాలు ఉంటాయనీ, జూన్ 15న గల్వాన్‌లో ఉన్నవాళ్ల దగ్గర కూడా ఉన్నాయనీ, ఎదురుబొదురు నిలబడ్డప్పుడు కాల్పులు జరపకపోవడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి అనీ ఆయన చెప్పారు. ఆ పద్ధతికి ఆధారంగా ఆయన పేర్కొన్నవి 1996, 2005 ఒప్పందాలు. 1993 పేరు ఆయన ఎత్తలేదు, ఎత్తడానికి అందులో ఏమీ లేదు కాబట్టి.

అంటే సంతోష్‌బాబు దగ్గరా, 16 బిహార్ రెజిమెంట్‌లో ఆయన కింద పనిచేసిన జవాన్ల దగ్గరా ఆయుధాలు లేవన్న మాటను దేశ విదేశాంగ మంత్రే కొట్టిపారేశారు. ఆ రాత్రి మేకులు దిగ్గొట్టిన కర్రలతో, రాళ్లతో మీద పడింది చైనా సైనికులు. వెనక్కి తగ్గుతామని మాటిచ్చి తప్పింది వాళ్లు. మనవాళ్లు 20 మంది చనిపోయారు. సంతోష్‌బాబుకు మరణానంతరం మహావీర చక్ర వచ్చింది, సూర్యాపేటలో ఆయన విగ్రహం నిలబడింది. ఆ విగ్రహానికి దండం పెట్టేవాళ్లు హంతకుడి పేరు వదిలేసి మంథని మాజీ ఎమ్మెల్యే పేరు తీయడం నాకు బాధగా ఉంది. చైనా మాట తప్పితే నేరం చైనాది. తాళం పగలగొట్టి ఇంట్లో పడ్డ దొంగను వదిలేసి తాళం వేసినవాణ్ని నిలదీస్తామా?

రెండో నింద నేల గురించి. వాస్తవాధీన రేఖ అన్న మాటను ఒప్పుకోవడంతోనే లద్దాఖ్ పోయిందని అంటున్నారు. ఈ వాదనకు కొంత చరిత్ర ఉంది, కాబట్టి దీన్ని మర్యాదగానే తీసుకోవాలి. 1959 నవంబర్‌లో చైనా ప్రధాని చౌ ఎన్ లై ఈ రేఖ ప్రతిపాదనతో నెహ్రూకు ఉత్తరం రాస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. మరి నెహ్రూ కాదన్నదాన్ని పీవీ ఎందుకు ఔనన్నారు? ఇక్కడే కాగితం మళ్లీ చూడాలి. 1993 ఒప్పందం ఆరో అధికరణ ఉన్నదే దీనికోసం. ఈ ఒప్పందంలో రేఖ ప్రస్తావన వచ్చినంత మాత్రాన సరిహద్దు తగాదాలో ఎవరి వైఖరికీ భంగం లేదని అందులో ఉంది. చైనా ఆధీనంలో ఉన్న అక్సాయ్‌చిన్ మనదన్న మన హక్కు ఆ సంతకం తర్వాత కూడా అంగుళం తగ్గలేదు. చైనా 2020లో తన 1959 నాటి రేఖను మళ్లీ ముందుకు తెచ్చినప్పుడు, సెప్టెంబర్ 29న మన విదేశాంగ శాఖ జవాబిచ్చింది. చైనా ఏకపక్షంగా గీసుకున్న ఆ గీతను భారత్ ఎన్నడూ ఒప్పుకోలేదని చెబుతూ, సాక్ష్యంగా 1993 ఒప్పందాన్నీ దాని తర్వాతి ఒప్పందాలనూ ముందుపెట్టింది. అదే నెల 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో నిలబడి, రేఖ వెంబడి చైనా సైన్యాన్ని మోహరించడం 1993, 1996 ఒప్పందాలకు విరుద్ధమని చెప్పారు. మన చేతులు కట్టేసిన కాగితమే అయితే, చైనాను తప్పుపట్టడానికి మన ప్రభుత్వం పార్లమెంటులో దాన్నే ఎందుకు చూపిస్తుంది? అదే ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీవీకి భారతరత్న ప్రకటించింది.

మూడోది, భయపడి సంతకం పెట్టారన్న మాట. 1991 జూన్‌లో పీవీ గద్దెనెక్కేసరికి దేశం చేతిలో ఉన్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు కూడా చాలదు. జూలైలో రూపాయి విలువ తగ్గించాల్సి వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో, చైనా విషయంలో మనకు ఇరవై ఏళ్లుగా వెన్నుదన్నుగా ఉన్న సోవియట్ యూనియన్ కూలిపోయింది. సైన్యం కశ్మీర్‌లో, పంజాబ్‌లో తలమునకలై ఉంది. అంతకు ఐదారేళ్ల ముందే, 1986-87లో, అరుణాచల్‌లోని సుమ్‌దొరాంగ్ చూ దగ్గర రెండు సైన్యాలూ యుద్ధం అంచుదాకా వెళ్లొచ్చాయి. అలాంటి వేళ ఉత్తర సరిహద్దును కొన్నేళ్లపాటు నిమ్మళంగా ఉంచి, ఆ వ్యవధిలో ఇల్లు చక్కబెట్టుకోవాలని ఆయన లెక్క వేశారు. చైనావాళ్లతో మాట్లాడటం ఆయనకు కొత్త కాదు. 1981 జూన్‌లో చైనా విదేశాంగ మంత్రి హువాంగ్ హువా ఢిల్లీ వచ్చినప్పుడు మన విదేశాంగ మంత్రి పీవీయే. ఆ డిసెంబర్‌లోనే సరిహద్దు చర్చలు మొదలయ్యాయి. 1988 డిసెంబర్‌లో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్లి చైనా నేత డెంగ్ జియావోపింగ్‌ను కలిసినప్పుడూ విదేశాంగ శాఖ పీవీ దగ్గరే ఉంది. 1993 సంతకం వెనుక పన్నెండేళ్ల బేరసారాలున్నాయి.

సంతకం తర్వాత ఆయన ఏం చేశారో కూడా చూడాలి. 1994 ఫిబ్రవరిలో అగ్ని క్షిపణిని పరీక్షించారు. చైనా తనదేనంటున్న తైవాన్‌లో 1995లో భారత్-తైపే సంఘం పేరిట మన కార్యాలయం తెరిపించారు. అదే ఏడాది చివర్లో పోఖ్రాన్‌లో అణు పరీక్షకు ఏర్పాట్లు సాగాయి, అమెరికా ఉపగ్రహాలు పసిగట్టడంతో అవి ఆగాయి. ఒక చేత్తో శాంతి ఒప్పందం, ఇంకో చేత్తో క్షిపణి, తైపేలో కార్యాలయం. భయపడ్డ మనిషి ఇవి చేయడు. 1975 అక్టోబర్‌లో అరుణాచల్‌లోని తులుంగ్ లా దగ్గర అస్సాం రైఫిల్స్ జవాన్లు నలుగురు చనిపోయాక, 2020 దాకా ఆ రేఖ మీద రెండు సైన్యాల ఘర్షణలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ నలభై అయిదేళ్లలో ఇరవై ఏడు 1993 తర్వాతివే. ఆ ఏళ్లలోనే మన ఆర్థిక వ్యవస్థ ఎన్నో రెట్లు పెరిగింది.

అలాగని 1993 ఒప్పందంలో లోటు లేదనను. ఉంది, పెద్దదే. గౌరవించాల్సిన రేఖ ఎక్కడుందో ఆ కాగితం చెప్పలేదు. ఇద్దరూ కలిసి తేల్చుకోవాలని మాత్రం చెప్పింది. 1996 ఒప్పందం ఆ పని త్వరపెడదామని, మ్యాపులు మార్చుకుందామని అంది. 2000లో మధ్య సెక్టారు మ్యాపులు మార్చుకున్నారు. 2002లో పశ్చిమ సెక్టారు, అంటే లద్దాఖ్ వంతు వచ్చేసరికి చైనా వెనక్కి తగ్గింది. పని అక్కడే ఆగిపోయింది. రేఖ తేలకపోతే లాభం ఎవరికి? ఎప్పుడు కావాలంటే అప్పుడు ముందుకు జరిగే బలం ఉన్నవాడికి. ఆ తర్వాత ఢిల్లీలో వచ్చిన ఏ పార్టీ ప్రభుత్వమూ ఈ పనిని ముందుకు కదిలించలేకపోయింది. నిలదీయాలంటే ఇక్కడ నిలదీయాలి. 2003లో సరిహద్దు చర్చలకు ప్రత్యేక ప్రతినిధులను పెట్టుకున్నారు, 2005లో రాజకీయ సూత్రాలు రాసుకున్నారు, 2013లో సరిహద్దు రక్షణ సహకార ఒప్పందం చేసుకున్నారు. కాగితాలు పెరిగాయి, గీత మాత్రం పడలేదు.

ఇక అసలు నమ్మకం దగ్గరికి వస్తాను. చైనాతో ఏ లావాదేవీ పెట్టుకున్నా ద్రోహమే అనేవాళ్లు మన జిల్లాలోనే కళ్లు తెరిచి చూడాలి.

2025 వానాకాలం గుర్తుందా? ఆగస్టు, సెప్టెంబర్ నెలలు. నాట్లు పడ్డాయి, వరి పిలకలు వేసే దశ, పత్తి చేనుకూ ఎరువు కావాలి. సొసైటీ గోదాముల ముందు తెల్లవారకముందే వరసలు కట్టారు. నిలబడే ఓపిక లేనివాళ్లు చెప్పులు విప్పి వరసలో పెట్టి చెట్టు కింద కూర్చున్నారు. కొన్నిచోట్ల రాళ్లు పెట్టారు, కొన్నిచోట్ల పాసుపుస్తకాల జిరాక్సులు పెట్టారు. గేటు తెరిచాక ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం చూపించి, మిషన్ మీద వేలు పెట్టి, 266 రూపాయల 50 పైసల యూరియా బస్తా ఒకటో రెండో చేతికొస్తే అదే పదివేలు. లారీలో సరుకు అయిపోయిందని అంటే ఉట్టి చేతులతో మర్నాటికి మళ్లీ వరస. పోలీసులు నిలబడి పంపిణీ చేయించిన ఊళ్లున్నాయి. ఇదంతా రామగుండం ఎరువుల కర్మాగారం (ఆర్‌ఎఫ్‌సీఎల్) ఉన్న జిల్లాలో!

ఆ కరువుకు ఒకటే కారణం లేదు. వానలు బాగా పడి సాగు పెరిగింది. ఓడలు ఆలస్యమయ్యాయి. మన ఆర్‌ఎఫ్‌సీఎల్ సాంకేతిక లోపాలతో సరిగ్గా సీజన్‌లోనే ఆగిపోయింది. వీటితో పాటు చైనా కారణం కూడా ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. 2023-24లో మనం చైనా నుంచి తెచ్చుకున్న యూరియా సుమారు 18 లక్షల టన్నులు. మరుసటి ఏడాది అది దాదాపు లక్ష టన్నులకు పడిపోయింది. వాళ్ల రైతులకు సరిపోవాలని, ధర పెరగకూడదని చైనా ఎగుమతుల మీద పగ్గాలు వేసింది. పోయిన ఆ 17 లక్షల టన్నులు ఎంతో తెలియాలంటే మన ఆర్‌ఎఫ్‌సీఎల్‌తో పోల్చండి. అది ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే వచ్చేది 12.7 లక్షల టన్నులు. చైనా ఒక్క నిర్ణయంతో ఒక రామగుండాన్ని మించిన యూరియా మన దగ్గరికి రాకుండా పోయింది.

ఆ ఆగస్టు 18, 19 తేదీల్లో, మన రైతులు వరసల్లో ఉన్నప్పుడే, చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీలో ఉన్నారు. ఎరువులు, అరుదైన ఖనిజాలు, సొరంగాలు తవ్వే యంత్రాలు, ఈ మూడింటి మీద మన ఇబ్బంది తీరుస్తామని ఆయన హామీ ఇచ్చారని మన అధికారులు చెప్పారు. ఇంకో పది పన్నెండు రోజులకే ప్రధాని మోదీ చైనాలోని తియాన్‌జిన్ వెళ్లి ఆ దేశాధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌ను కలిశారు. పీవీ బీజింగ్ వెళ్లడం లొంగుబాటైతే ఇదేమిటి? నా లెక్కలో ఇదీ లొంగుబాటు కాదు, అదీ కాదు. రెండూ తమ కాలపు అవసరాన్ని బట్టి దేశం చేసిన బేరాలు. విమర్శించేవాళ్లు ఒకే కొలతతో కొలవాలని మాత్రమే నేనడిగేది.

చైనా సరుకు మానేస్తే చాలన్నవాళ్లకు ఇంకో లెక్క. గల్వాన్ తర్వాత కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది, బజార్లలో చైనా టీవీలు పగలగొట్టారు. 2019-20లో చైనా నుంచి మన దిగుమతులు 6,500 కోట్ల డాలర్ల చిల్లర. 2024-25లో అవి 11,300 కోట్ల డాలర్లు దాటాయి. మనం వాళ్లకు అమ్మింది 1,425 కోట్ల డాలర్ల సరుకే. ఆవేశం ఒకవైపు వెళ్తే లెక్క ఇంకోవైపు వెళ్లింది, ఎందుకంటే మందుల ముడిసరుకు, ఎలక్ట్రానిక్ భాగాలు, యంత్రాలు ఇక్కడ తయారు చేసుకునే పని నినాదాలతో పూర్తికాదు.

రామగుండానికి ఇది బాగా తెలిసిన సంగతి. పాత ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ గుర్తున్నవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ ఫ్యాక్టరీ బొగ్గు నుంచి యూరియా చేసేది. ఒడిశాలోని తాల్చేరులో దాని జంట ఉండేది. బొగ్గు బాయి పక్కనే ఎరువు తయారు కావాలన్న గొప్ప ఆలోచన అది. కరెంటు కోతలు, యంత్రాల మొరాయింపులు, నష్టాలు కలిసి 1999లో దాన్ని మూయించాయి. కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని చెదిరిపోయారు, క్వార్టర్లు బోసిపోయాయి. మనం బొగ్గుతో యూరియా సాధ్యం కాదని చేతులెత్తేసిన పనిలోనే చైనా ఆరితేరింది. ఈ రోజు చైనా యూరియాలో సింహభాగం బొగ్గు నుంచి వచ్చేదే. మన ఫ్యాక్టరీ ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా మళ్లీ లేచి 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, 2022 నవంబర్ 12న ప్రధాని జాతికి అంకితం చేశారు. కానీ ఇప్పుడది నడిచేది బొగ్గుతో కాదు, గొట్టపు మార్గంలో వచ్చే గ్యాసుతో. దేశంలో యూరియా ఫ్యాక్టరీలు వాడే గ్యాసులో ఎక్కువ భాగం దిగుమతే.

తాల్చేరును మాత్రం మళ్లీ బొగ్గుతోనే నడపాలని కేంద్రం నిర్ణయించింది. 2018 సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. బొగ్గును గ్యాసుగా మార్చే విభాగం కట్టే కాంట్రాక్టు 2019లో దక్కింది చైనాకు చెందిన వూహువాన్ ఇంజనీరింగ్ సంస్థకే. ఆ పనిలో చేయి తిరిగినవాళ్లు వాళ్లు కాబట్టి. తర్వాత కరోనా వచ్చింది, గల్వాన్ వచ్చింది, చైనా నిపుణుల రాకపోకలు చిక్కుపడ్డాయి, ప్రాజెక్టు ఏళ్లకేళ్లు వెనకబడింది. లద్దాఖ్ కొండల్లో నెత్తురు పారితే ఒడిశాలో ఎరువు ఆగింది, ఆ ఎరువు లేని లోటు పెద్దపల్లి సొసైటీ ముందు వరసలో కనిపించింది. ఈ ముడి చూడనివాళ్లు చైనా గురించి ఎంత గట్టిగా మాట్లాడినా రైతుకు ఒరిగేదేమీ లేదు.

గోదావరిఖని బొగ్గు గని కార్మికులకు ఇంకో సంగతి చెప్పాలి. 2021 నవంబర్ 13న గ్లాస్గో వాతావరణ సదస్సు చివరి గంటల్లో, బొగ్గు విద్యుత్తును పూర్తిగా ఎత్తేయాలన్న వాక్యాన్ని క్రమంగా తగ్గించాలని మార్పించింది భారత్, చైనాలు. ఆ సభలో మార్పు చదివింది మన పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్. అదే నెలలో, అదే వారంలో, లద్దాఖ్‌లో రెండు వైపులా వేల మంది సైనికులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఇది అప్పటికప్పుడు పుట్టిన కూటమి కాదు. 2009 అక్టోబర్‌లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికైన సభ్యుడు, వాతావరణ విషయంలో కలిసి నడుస్తామని చైనాతో ఒప్పందం చేసుకున్నారు. డిసెంబర్‌లో కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సులో భారత్, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా నేతలు ఒక గదిలో కూర్చుంటే అమెరికా అధ్యక్షుడు ఒబామా తానే ఆ గదికి వెళ్లి మాట్లాడాల్సి వచ్చింది. చైనా ఏటా తవ్వే బొగ్గు 470 కోట్ల టన్నులకు పైనే. మన దేశమంతా కలిసి 2024-25లో వంద కోట్ల టన్నులు దాటింది. అందులో మన బొగ్గు గనుల సంస్థ సింగరేణి వాటా 7 కోట్ల టన్నులకు కాస్త తక్కువ. ఈ బొగ్గు మీద బతికే కుటుంబాలకు బాయిలు మూసేముందు వేరే బతుకు చూపించడానికి కొంత గడువు కావాలి. ఆ గడువు కోసం ప్రపంచ వేదిక మీద మనతో నిలబడింది ఎవరో తెలుసుకుని మాట్లాడటం మంచిది. ఆ గడువును సింగరేణి ఎలా వాడుకుంటోందన్నది వేరే వ్యాసం.

ఇదంతా చదివి చైనా మన నేస్తమని నేనంటున్నట్టు ఎవరూ అనుకోవద్దు. తియాన్‌జిన్ ఫొటోలు చూసి అన్నీ సర్దుకున్నాయని సంబరపడేవాళ్లు ఇప్పుడు బయల్దేరారు. వాళ్ల మాటా తప్పే. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో మన పోరు జరిగినప్పుడు పాకిస్తాన్ గాల్లోకి లేపినవి చైనా యుద్ధ విమానాలు. ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాల అయస్కాంతాలకు పగ్గం వేసి మన వాహన కంపెనీలను ఇరుకున పెట్టింది చైనా. జూలైలో బ్రహ్మపుత్ర ఎగువన టిబెట్‌లో భారీ ఆనకట్ట పని మొదలుపెట్టింది. లద్దాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌ల దగ్గర గస్తీ విషయంలో ఒప్పందం కుదరడానికి 2024 అక్టోబర్ దాకా, అంటే నాలుగేళ్లకు పైగా పట్టింది. పోటీ ఇంకా ఉంది, ఇంకా పెరుగుతుంది. కాబట్టే ఒప్పందాలు కావాలి. నేస్తాల మధ్య ఒప్పందాలతో పని లేదు. నమ్మకం లేని చోటే ప్రతి మాటా రాసుకోవాలి, రాసుకున్నది తప్పినప్పుడు లోకం ముందు చూపించాలి, చూపించి ఊరుకోకుండా రోడ్లు, వంతెనలు, సొరంగాలు కట్టుకుని సైన్యాన్ని సిద్ధంగా ఉంచుకోవాలి. 1993 తర్వాత మనం వెనకబడింది ఈ ఆఖరి పనిలో. రేఖకు అవతల చైనా రోడ్లు వేసుకుంటూ పోతుంటే ఇవతల మన పనులు ఏళ్లకేళ్లు సాగాయి. ఆ ఆలస్యానికి 1993 కాగితంలో ఏ అధికరణా కారణం కాదు.

కాబట్టి పీవీ మీద వీడియోలు చేసేవాళ్లకు, వాటిని పంచేవాళ్లకు ఒక మాట. మీ కోపం నిజమైనదే అయితే దాన్ని ఫలితం వచ్చే చోటికి తీసుకెళ్లండి. 2025 ఆగస్టులో జరిగిన ప్రత్యేక ప్రతినిధుల 24వ విడత చర్చల్లో, సరిహద్దు గీతను ముందు కొన్ని చోట్లయినా తేల్చే మార్గం చూడటానికి నిపుణుల బృందం పెట్టుకుందామని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. 1993లో మొదటి అధికరణ అప్పగించిన పనే ఇది, అప్పటి నుంచీ పెండింగులో ఉంది. లద్దాఖ్ మ్యాపులు బల్ల మీదికి ఎప్పుడొస్తాయో మన ఎంపీని అడగండి, పార్లమెంటులో ప్రశ్న వేయించండి. అలాగే ఆర్‌ఎఫ్‌సీఎల్ ఒక్క రోజు ఆగితే 3,850 టన్నులు, అంటే 85 వేల బస్తాలకు పైగా పోతాయి. సీజన్‌లో అది ఎందుకు ఆగిందో, మరమ్మతులు ఎండాకాలంలోనే ఎందుకు ముగించలేదో, వచ్చే వానాకాలం ముందు ఎవరు పూచీ పడతారో రామగుండంలోనే అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాల్సినవాళ్లు ఈ రోజు పదవుల్లో ఉన్నారు.